ఏటి గట్టును చదవడం ఎట్లా: ఒక బోరు మేస్త్రీ పద్ధతి

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు ముప్పై ఏళ్లుగా ఫిల్టర్ పాయింట్లు, అంటే ఇసుక పొరలోకి దించే తక్కువ లోతు బోర్లు, వేస్తున్నాను. మా నాయనదీ ఇదే పని. ఆయన కాలంలో చేతిబోరు, నలుగురు మనుషులు నిలబడి పైపు తిప్పాలి. ఇప్పుడు ఇంజనూ పంపూ వచ్చాయి. అసలు పని మాత్రం అదే. పైపు దిగుతుంటే నీళ్లతో పాటు పైకొచ్చే మట్టిని అరచేతిలో పట్టి చూడాలి, ఇంకో పది అడుగులు పోదామా, ఇక్కడే ఆపుదామా చెప్పాలి.

1997 ఎండాకాలంలో సముద్రానికి పది కిలోమీటర్ల లోపల ఒక రైతు కయ్యలో బోరు దించుతున్నాం. ముప్పై అడుగుల దాకా ఇసుక, బంకమట్టి, మామూలే. ముప్పై ఎనిమిది దగ్గర నీళ్లు నల్లబడ్డాయి. కుళ్లిన ఆకు వాసన కొట్టింది. చేతిలోకి తీసుకుంటే నల్ల బురద, దాంట్లో గోరంత గుల్లలు, మెత్తబడిన చెక్క ముక్క. ఇంకో పది అడుగులు పోయాక ఆ బురద కత్తితో కోసినట్టు ఆగిపోయి పసుపుపచ్చ గట్టి బంక తగిలింది. పైపు దిగనంది. ఆ బంకలో శనగగింజంత తెల్ల సున్నపు గడ్డలు.

రైతు వంగి చూసి అడిగాడు: "ఏంది మేస్త్రీ, ఇక్కడ సముద్రం ఉండిందా?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ మట్టిని రెండు కవర్లలో కట్టి ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాను. తర్వాత మా అమ్మాయి భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. ఒక సెలవుల్లో ఆ కవర్లు విప్పి నా ముందు పెట్టి, "నాన్నా, ఇది పెన్నా రాసుకున్న డైరీ, నువ్వు ఇన్నేళ్లుగా పేజీలు తిప్పుతున్నావు" అంది. అప్పటినుంచి బోరు మట్టినీ ఏటి గట్లనూ పనిగట్టుకుని చూస్తున్నాను. వాతావరణం పెద్ద ఎత్తున మారినప్పుడు పాతకాలపు ఏర్లు ఏం చేశాయో మన జిల్లాలోనే, మన కాళ్ల కిందనే చూడొచ్చు. ఎట్లా చూడాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు ఒక లెక్క

ఏరంటే నీళ్లొక్కటే కాదు. ఆ నీళ్లు మోసే బరువు కూడా ఏరే. తలమీద గంప పెట్టుకుని నడిచే కూలీమనిషిని తలుచుకోండి. గంప మోయలేనంత బరువైతే దారిలో కొంత దించేస్తాడు. ఏరూ అంతే, మోయలేని ఇసుకా రాళ్లూ అడుగున దించేసి, తన అడుగు తానే పూడ్చుకుంటుంది. నీళ్లు ఎక్కువై గంప తేలికైతే, ఆ మిగిలిన బలంతో అడుగునూ గట్లనూ కోస్తుంది. పెన్నా మీది సోమశిల డ్యాం కింద ఇది మన కళ్లముందే జరుగుతోంది. ఇసుక డ్యాం వెనక ఆగిపోతుంది, గేట్లెత్తితే వచ్చే తేట నీళ్లు కింద ఉన్న ఇసుకను ఎత్తుకుపోతాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు, నేనూ చాలాకాలం పొరబడ్డాను. వానలు పెరిగితే ఏరు ఎక్కువ మట్టి తెస్తుంది, తగ్గితే తక్కువ తెస్తుంది అనుకుంటాం. వానలు తగ్గితే ముందు ఎండేది కొండమీది గడ్డి, పొద. వేరు పట్టు వదిలిన మట్టి కదలడానికి సిద్ధంగా ఉంటుంది. ఏడాదికి రెండే వానలు పడనీ, అవి తుపాను వానలైతే ఆ మట్టి అంతా ఒక్కసారి ఏట్లోకి దిగుతుంది. నీళ్లు తక్కువ, బరువు ఎక్కువ. అప్పుడు ఏరు పూడి, వెడల్పై, పాయలుగా చీలి పారుతుంది. మళ్లీ మంచి వానల కాలం వచ్చి కొండలు పచ్చబడ్డాక, మట్టి కొండమీదే ఆగి తేట నీళ్లు దిగుతాయి. ఏరు తను పూడ్చుకున్నదాన్నే కోసుకుంటూ లోతుకు పోతుంది. పాత అడుగు పైన మెట్టులా మిగిలిపోతుంది.

నైలు నది సరిగ్గా ఇదే చేసింది. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ముదిరి ఉన్నప్పుడు ఇథియోపియా కొండల్లో చెట్లు తగ్గాయి, రాళ్లూ ఇసుకా దిగాయి. నీళ్లు తగ్గిన నైలు వాటిని మోయలేక పాయలు పాయలుగా పారుతూ అడుగును పూడ్చుకుంది. దాదాపు 15,000 ఏళ్ల కిందటి నుంచి వానలు తిరిగొచ్చి పెద్ద వరదలు వచ్చాయి. ఆ తర్వాత అదే నైలు తన పాత ఒండ్రును కోసుకుంటూ కిందికి దిగింది. మనకు ఇంకా దగ్గరి సాక్ష్యం గోదావరిది. గోదావరి సముద్రంలో కలిసేచోటికి ఎదురుగా, సముద్రం అడుగునుంచి తీసిన బురదలో ఆకుల మీది మైనం ఆనవాళ్లు చూసి, మన ద్వీపకల్పం సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి ఎండబారుతూ వచ్చిందనీ, 1,700 ఏళ్ల కిందట ఇంకో మెట్టు ఎండిందనీ 2012లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాన తగ్గిన ఆ కాలంలోనే గోదావరి మోసుకొచ్చిన కోతమట్టి పెరిగింది. సేద్యం కోసం నేల చదును చేయడం కూడా దానికి తోడైంది.

ఈ లెక్క బుర్రలో పెట్టుకోకుండా గట్టు దగ్గరికి పోతే ప్రతి రాళ్లపొరా వానలకాలంలాగే కనబడుతుంది.

ఎప్పుడు పోవాలి, ఏం తీసుకుపోవాలి

మనకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలూ ఏటి దగ్గరికి పోవద్దు. ఫిబ్రవరి నుంచి మే దాకా, తెల్లవారు ఆరింటికల్లా గట్టు దగ్గర ఉండండి. పొద్దు వాలుగా ఉన్నప్పుడు పొరలు విడివిడిగా కనబడతాయి, మిట్టమధ్యాహ్నం అంతా ఒకే తెలుపు. ఇద్దరు తప్పక ఉండాలి. జేసీబీ తవ్విన నిలువు గట్టు కింద నిలబడొద్దు, కింద ఇసుక లాగేసిన గట్టు చెప్పాపెట్టకుండా విరుగుతుంది. గట్టు ఎంత ఎత్తుందో అంత దూరంలో కూర్చుని ముందు బొమ్మ గీసుకోండి. దగ్గరికి పోయి తాకాలంటే మనిషి నడుం ఎత్తుకు మించని చోటు చూసుకోండి. పక్క చేను ఎవరిదో కనుక్కుని అడిగి దిగండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. గళ్ల నోటు పుస్తకం, పెన్సిల్, ఐదు మీటర్ల టేపు, ఒక తాపీ, నీళ్లు చల్లే సీసా, నిమ్మకాయ, కవర్లు, సెల్ ఫోన్. ఫొటో తీసేటప్పుడు పక్కన పదిరూపాయల బిళ్ల పెట్టండి. దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు, రాయి సైజు తర్వాత ఇంట్లో కూర్చుని కూడా తేల్చుకోవచ్చు. గునపం వద్దు. గునపంతో గట్టు చెడుతుంది, పొర కలిసిపోతుంది.

తెలిసిన వరదతో మొదలుపెట్టండి

పాత వరద జోలికి పోయేముందు మీకు తెలిసిన వరద ఏం వదిలిందో చూడండి. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు ఊళ్లలోకి వచ్చింది, పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలుకట్టా దెబ్బతింది. ఆ నీళ్లు తీసిన పదో రోజున ఒక తెలిసినాయన కయ్యలో బోరు బాగుచేయడానికి పోయాను. ఏటి వారన ఉన్న కయ్యలో మోకాటిలోతు ఇసుక. వంద గజాలు ఇవతల జానెడు ఇసుక. ఇంకా ఇవతల ఇసుక లేదు, ఎండి పెచ్చులుగా పగిలిన సన్న ఒండ్రు, బిళ్లంత మందం.

ఏటి వారన ఇసుకలో తాపీతో ఒక నిలువు గోడ కోసి నీళ్లు చల్లాను. అట్టడుగున పాత కయ్యమట్టి, దాంట్లో వరి దుబ్బులు పక్కకు వాలి ఉన్నాయి, అన్నీ ఒకే వైపుకు. దానిమీద సన్న ఇసుక రెండు వేళ్ల మందం. మధ్యలో ముతక ఇసుక, దాంట్లో ఏటవాలు గీతలు, దువ్వెనతో దువ్వినట్టు. పైకి పోయేకొద్దీ మళ్లీ సన్నబడి, చివర వేలికి పౌడరులా అంటుకునే ఒండ్రు. నీళ్లు వచ్చాయి, ఉధృతమయ్యాయి, తీశాయి. ఒక్క వరద మూడు మాటల్లో. ఆ ఏటవాలు గీతలు దిగువకు వంగి ఉంటాయి. వరి దుబ్బులు వాలిన వైపూ, గీతలు వంగిన వైపూ ఒక్కటే. ఇది ఒకసారి కళ్లతో చూశాక పాత గట్టులో అలాంటి గీతలు కనబడితే ఆనాటి ఏరు ఎటు పారిందో మీరే చెబుతారు.

మీ ఊరి దగ్గర కూడా ఈమధ్య వచ్చిన వరద ఒండ్రు ఎక్కడో ఒకచోట ఉంటుంది. అడిగితే పెద్దవాళ్లు ఏ ఏడాదిదో చెబుతారు. దానితో మొదలుపెట్టండి.

గట్టు మీద పని

మా అత్తగారి ఊరు కనిగిరి వైపు, మన్నేరుకు దగ్గర. వెలిగొండల వైపు నుంచి దిగే ఏరది, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. పండక్కి పోయినప్పుడల్లా ఒక వంపు దగ్గర పదిహేను అడుగుల గట్టు ఉండేది, దాన్ని చదివేవాణ్ణి. ఆ పద్ధతే చెబుతాను.

మూరెడు వెడల్పున తాపీతో గట్టు ముఖం గీకండి. వాన కారిన బురద మాత్రమే పోవాలి. నీళ్లు సన్నగా చల్లండి, తడిస్తే రంగు తేలుతుంది. కింద సున్నా పెట్టి టేపు నిలువుగా వేలాడదీయండి. రంగు మారిన ప్రతిచోటా, గరుకు మారిన ప్రతిచోటా సెంటీమీటరు రాసుకోండి. ఒక పొర నుంచి ఇంకో పొరకు మార్పు మెల్లగా వచ్చిందా, గీత గీసినట్టు వచ్చిందా అన్నది కూడా రాయండి. మెల్లగా వస్తే ఏరు నిదానంగా మారింది. గీత గీసినట్టుంటే అక్కడ ఏదో కోసుకుపోయింది, అంటే కొంత కాలం మాయమైంది. ఆ గీత విలువ పొర విలువకు తక్కువ కాదు.

మట్టి సన్నదనం చూడాలంటే చిటికెడు నాలిక మీద వేసి పంటి కింద నలపండి. కరకర అంటే ఇసుక, పిండిలా జారుతూ కొంచెం తగిలితే ఒండ్రు, ఏమీ తగలకుండా అంటుకుంటే బంక. మా నాయన నేర్పిన పద్ధతి ఇది. యూనివర్సిటీలో కూడా ఇదే చేస్తారని మా అమ్మాయి చెప్పింది.

గులకరాళ్ల పొర తగిలితే నింపాదిగా కూర్చోండి. నచ్చిన రాయి తీయొద్దు, పెద్దరాయి మీదికే చెయ్యి పోతుంది. టేపు అడ్డంగా పరిచి ప్రతి అరచేతి దూరానికి కళ్లు మూసుకుని వేలికి తగిలిన రాయి తీయండి. వంద రాళ్లు. 1954లో వోల్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఏటి అడుగు రాళ్లను ఇట్లా వంద లెక్కన కొలిచే పద్ధతి చెప్పాడు, ఇప్పటికీ అదే వాడతారు. రాయికి పొడవూ కాదు, మందమూ కాదు, ఆ రెంటికీ మధ్య కొలత, అంటే వెడల్పు తీసుకోవాలి, జల్లెడ కంతలో పట్టేదీ పట్టనిదీ తేల్చే కొలత అదే. వందా రాసి చిన్నదాని నుంచి పెద్దదానికి వరసపెట్టి యాభయ్యోది చూడండి. తర్వాత ఇప్పటి ఏటి అడుగున పోయి మళ్లీ వంద కొలవండి. మన్నేరు వంపు దగ్గర నాకు గట్టు అడుగు పొరలో యాభయ్యో రాయి 62 మిల్లీమీటర్లు వచ్చింది, ఇప్పటి అడుగున 19. అంటే ఆ పొర పరిచిన నీళ్లు ఇప్పటి మామూలు వరద కన్నా చాలా బలంగా నెట్టాయి. ఏడాది పొడుగునా ఎక్కువ వాన పడిందని మాత్రం దీన్నిబట్టి చెప్పలేం. ఆ ఒక్క వరద బలం వేరు, ఏడాది వాన మొత్తం వేరు.

ఈ రాళ్ల కొలతా, పాత ఏటిపాయ లోతూ, ఈ రెండింటితోనే స్పెయిన్‌లో ఎంత పెద్ద విషయం తేల్చారో చూడండి. 5 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూమి 5 నుంచి 8 డిగ్రీలు వేడెక్కింది. స్పెయిన్ ఉత్తరాన పిరనీస్ కొండల పాదాల్లో అప్పటి ఏర్లు రాయిగా మారి ఉన్నాయి. వేడికి ముందున్న ఎర్రమట్టిలో ఏటిపాయలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. వేడి మొదలైన చోట ఒక్కసారిగా గులకరాళ్ల పొర దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. రాళ్ల సైజూ పాయల లోతూ కొలిచి, వరద ప్రవాహం కనీసం 1.35 రెట్లు, గరిష్ఠంగా 14 రెట్లు దాకా పెరిగి ఉంటుందని 2018లో లెక్కగట్టారు. 1.35కీ 14కీ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. కొలిచినవాళ్లు నిజాయితీగా ఉంటే జవాబు ఇట్లాగే వస్తుంది. మీరు కూడా మీ లెక్కలో ఒకే అంకె రాయొద్దు.

పాయ లోతు ఎట్లా తెలుస్తుందంటే, కింద గులకరాళ్లు, పైకి ముతక ఇసుక, ఇంకా పైకి సన్న ఇసుక, చివర ఒండ్రు, ఇట్లా వరసగా సన్నబడిన ఒక దొంతర చూడండి. వంపు లోపలివైపు ఏరు మేటవేస్తే అట్లా వస్తుంది. ఆ దొంతర మొత్తం మందం దాదాపుగా ఆనాటి ఏరు నిండుగా పారినప్పటి లోతు.

చదునైన రాళ్లు ఎట్లా పడుకున్నాయో కూడా చూడండి. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదానిమీద ఒకటి వాలినట్టు ఉంటాయి. అవి వాలేది ఎగువకు. ఇసుకలో గీతలు దిగువకు వంగుతాయి, రాళ్లు ఎగువకు వాలతాయి. ఈ రెండూ కలగలిపి తికమకపడేవాళ్లు చాలామంది ఉన్నారు. రాళ్లు అట్లా వాలకుండా అడ్డదిడ్డంగా, మధ్యమధ్య బురద పట్టుకుని ఉంటే అది ఏరు మెల్లగా పేర్చిన పొర కాదు, వాగు బురదతో కలిసి ఒక్క ఊపున తోసుకొచ్చింది.

నిమ్మకాయ ఎందుకంటే

మన ప్రాంతంలో ఎండకు అన్నిటికంటే మంచి సాక్షి సున్నపు గడ్డ. వాన నీళ్లు మట్టిలోకి దిగి సున్నాన్ని కరిగిస్తాయి. పూర్తిగా కిందికి కొట్టుకుపోయేంత వాన లేకపోతే, ఎండకు నీళ్లు ఆవిరై సున్నం అక్కడే గడ్డకడుతుంది. బఠాణీగింజ నుంచి నిమ్మకాయ సైజు దాకా చూశాను. తెల్లగడ్డను రాయి మీద రుద్ది పొడిచేసి నిమ్మరసం పిండండి. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా బుసబుస వినబడుతుంది, బుడగలు కనబడతాయి. పలుగురాయి పొడి కిక్కురుమనదు.

సున్నం కనబడగానే కరువు అని రాసేయకండి. గడ్డ అక్కడే పుట్టిందా, ఏరు మోసుకొచ్చిందా చూడాలి. అక్కడే పుట్టినది వంకరటింకరగా ఉంటుంది, మట్టిని పట్టుకుని ఉంటుంది, గోరుతో తీస్తే మట్టితో సహా ఊడుతుంది. చాలాసార్లు చెట్టు వేరు చుట్టూ గొట్టంలా పేరుకుని నిలువుగా ఉంటుంది, మధ్యలో వేరు కుళ్లిపోయిన రంధ్రం కూడా ఉంటుంది. మోసుకొచ్చినది గుండ్రంగా అరిగి, గులకరాళ్లలో కలిసి, అడ్డంగా వరసలో పడుకుని ఉంటుంది. అక్కడే పుట్టిన గడ్డలు ఉన్న పొర అంటే ఆ నేల మీద చాలాకాలం వరద ఎక్కలేదు, చెట్లు పెరిగాయి, వాన వచ్చి ఎండ కాసింది. ఏరు అప్పటికే కిందికి దిగిపోయి ఉండొచ్చు, లేదా పక్కకు జరిగి ఉండొచ్చు. మన్నేరు గట్టులో నేను రాసుకున్న వరస ఇది: అడుగున రాళ్లు, దానిమీద మనిషెత్తు పసుపు ఒండ్రు, ఒండ్రు పైభాగం నిండా వేరుగొట్టాల సున్నం, ఆపైన గీత గీసినట్టు ఇంకో సన్న రాళ్ల పొర, అన్నిటిమీదా ఇప్పటి చేను మట్టి.

మన వైపు రాళ్ల పొరల్ని చూసి పాత వానల గురించి మొదట ఆలోచించినవాళ్లలో కామియాడ్, బర్కిట్ అనే ఇద్దరున్నారు. గిద్దలూరు నుంచి నల్లమల దాటే నందికనుమ దారిలో, కృష్ణ వైపు ఏర్ల గట్లలో దొరికిన రాతి పనిముట్లను పొరలవారీగా నాలుగు వరసలుగా విడగొట్టి, వానకాలాలూ ఎండకాలాలూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయని 1930లో రాశారు. చేతిలో ఇప్పటి యంత్రాలేవీ లేకుండా అంత దూరం ఆలోచించడం చిన్న విషయం కాదు. రాళ్ల పొర ఉంటే తడికాలం అన్న ఆ సూత్రం మాత్రం తర్వాత నిలబడలేదు. ఎందుకు నిలబడదో పైన గంప లెక్కలో చెప్పాను.

బోరు మట్టి చెప్పేది

డెల్టాలో గట్లు ఎత్తుండవు, కాబట్టి బోరే దిక్కు. మీ ఊళ్లో ఎవరైనా ఫిల్టర్ పాయింట్ వేయిస్తుంటే పోయి పక్కన కూర్చోండి. మేస్త్రీని ముందే అడగండి, పని ఆపొద్దు. ప్రతి ఐదు అడుగులకీ, రంగు మారిన ప్రతిసారీ ఒక దోసెడు మట్టి తీసి కవర్లో వేయండి. పైకొచ్చే మట్టి కొంచెం ఆలస్యంగా వస్తుంది, పై పొరల మట్టి కూడా కలుస్తుంది. కాబట్టి కొత్తది మొదట కనబడిన లోతునే నమ్మండి.

ఇప్పుడు 1997 నాటి రైతు ప్రశ్నకు జవాబు. సుమారు 20,000 ఏళ్ల కిందట నీళ్లు మంచుగా బిగుసుకుపోయి సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. తీరం తూర్పుకు చాలా దూరం జరిగింది. అప్పుడు పెన్నా తన డెల్టాను వదిలి సముద్రం వెంటబడి లోతుగా కోసుకుంటూ పోయింది. కోత పడని నేల ఎండకు ఆరి, గట్టిపడి, పసుపుబారి, లోపల సున్నం కట్టింది. పైపు దిగనన్నది ఆ నేలలోకే. తర్వాత మంచు కరిగి సముద్రం ఎక్కుతూ వచ్చింది, 7,000 నుంచి 6,000 ఏళ్ల కిందటికి దాదాపు ఇప్పటి మట్టానికి చేరింది. ఏరు కోసిన పల్లాల్లోకి ఉప్పునీళ్లు ఎదురొచ్చాయి, మడచెట్లు పెరిగాయి, బురద నిండింది. గుల్లలు, కుళ్లిన ఆకు, చెక్కముక్క అవే. ఆపైన సముద్రం నిలబడ్డాక పెన్నా ఇసుకా ఒండ్రూ తెచ్చి పోస్తూ నేలను మళ్లీ తూర్పుకు పెంచింది. కయ్యలన్నీ ఆ పైపొర మీదే ఉన్నాయి. అవును, అక్కడ సముద్రం ఉండింది. ఆ రైతు ఇప్పుడు లేరు. వాళ్లబ్బాయికి చెప్పాను.

ఈ ఒక్క బోరులో రెండు కారణాలు ఉన్నాయని గమనించండి. కనిగిరి వైపు ఏరు ఒట్టి వానకూ చెట్టుకూ స్పందిస్తే, ఇక్కడ ఏరు సముద్రం మట్టానికి స్పందించింది. కొండకు దగ్గరైతే పైనుంచి వచ్చే బరువు, తీరానికి దగ్గరైతే కిందనున్న సముద్రం. మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో చూసుకోకుండా కారణం చెప్పొద్దు.

పైన పెరిగిన నేల ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టినా కనబడుతుంది. మైపాడు వైపు తీరానికి సమాంతరంగా ఇసుక తిప్పలు వరసలు కట్టి ఉంటాయి, వాటిమీద సరుగుడు తోటలు, తాటిచెట్లు, ఊళ్లు. ఒక్కో వరసా ఒకనాటి తీరం. దొరువు తవ్వి చూసినవాళ్లకు ఇది ముందే తెలుసు. తిప్ప మీద మూడు నాలుగు అడుగులకే తియ్యటి నీళ్లు, తిప్ప దిగి నల్లమట్టిలో తవ్వితే ఉప్పు. మే నెల చిత్రాల్లో వంపు తిరిగిన పచ్చటి పట్టీలు చూడండి. వాటిలో కొన్ని పెన్నా వదిలేసిన పాత దారులు. అనుమానం ఉంటే అక్కడి బోరు మేస్త్రీని ముతక ఇసుక ఎన్ని అడుగులకు తగిలిందో అడగండి.

ఎక్కడ పొరబడతాం

ఒకసారి మన్నేరు గట్టులోనే రెండు అడుగుల ఇసుక పొర చూసి పాతకాలపు మహా వరద అని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాశాను. మళ్లీ వెళ్లి దాని అడుగున గీకితే పాలిథిన్ కవరు ముక్క వచ్చింది. ఎగువన చెరువుకు గండిపడినప్పుడు వచ్చిన ఇసుక అదని ఊరి పెద్దాయన చెప్పాడు. మన నెల్లూరు, ప్రకాశం వైపు అన్నీ చెరువులే. ఏ ఒంటరి ఇసుక పొర చూసినా ఎగువన చెరువు ఉందా, ఎప్పుడైనా తెగిందా అని ముందు అడగండి. పొర అడుగున పెంకులు, ఇటుక, గాజు ఉన్నాయేమో గీకి చూడండి. నేల కదలిక కూడా ఏటి దారి మారుస్తుంది. 1967లో ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది, మన నేల పూర్తిగా నిశ్చలం కాదు. అందుకే ఒక్క గట్టు చూసి వాతావరణం అనొద్దు. రెండు మూడు వేర్వేరు ఏర్లలో అదే వరస కనబడితే అప్పుడు అనండి.

పొర వయసు కంటితో చెప్పలేం. నల్లబురదలో చెక్క దొరికితే కార్బన్ పద్ధతితో ల్యాబులో వయసు తేలుస్తారు. ఇసుకకైతే, రేణువు చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో కొలిచే పద్ధతి ఉంది. అందుకే వాళ్లు గట్టులోకి ఇనుప గొట్టం దిగగొట్టి, రెండు చివరలా నల్లగా మూసి, వెలుగు తగలకుండా పట్టుకుపోతారు. మనం గట్టు అంతా తవ్వి ఎండబెడితే వాళ్లకు పనికొచ్చేది మిగలదు. కొన్నిచోట్ల పొరే తేదీ చెబుతుంది. నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర జుర్రేరు లోయలో విబూదిలాంటి తెల్లటి బూడిద పొర ఉంది. 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలి, గాలికి మన దాకా వచ్చిన బూడిద అది. జుర్రేరు కుందేరులో, కుందేరు పెన్నాలో కలుస్తాయి, కాబట్టి అది మన పెన్నా పుస్తకంలో పేజీయే. మీ గట్టులో తెల్లటి పిండిలాంటి పొర కనబడి, నిమ్మరసానికి బుస రాకపోతే, ముట్టుకోకుండా ఫొటో తీసి దగ్గరి యూనివర్సిటీ భూగర్భశాస్త్ర విభాగానికి పంపండి.

చెక్కిన రాతి పనిముట్టు, ఎముక, గుడ్డు పెంకు కనబడినా అంతే. కనిగిరి వైపు హనుమంతునిపాడు దగ్గర 2 లక్షల ఏళ్లు దాటిన రాతి పనిముట్లు దొరికాయి. ప్రకాశం జిల్లాలోనే 41,000 ఏళ్లనాటి నిప్పుకోడి గూడు, వేల పెంకు ముక్కలతో, బయటపడిన సంగతి 2024లో వచ్చింది. నిప్పుకోడి చిట్టడవిలో బతకదు, దానికి బయలు కావాలి, గడ్డి కావాలి. అంటే ఆ పెంకు కూడా వాతావరణం లెక్కలో ఒక అంకె. జేబులో వేసుకుంటే అది ఒట్టి పెంకు, ఏ పొరలో ఉందో తెలిసేలా అక్కడే ఉంటేనే లెక్క. పురావస్తు శాఖకు చెప్పండి.

ఆలస్యం మాత్రం చేయొద్దు. మన్నేరు దగ్గర నేను పదకొండేళ్లు చదివిన ఆ పదిహేను అడుగుల గట్టు ఇప్పుడు లేదు. ఇసుక కోసం యంత్రాలతో రాత్రికి రాత్రి లాగేశారు. సంక్రాంతికి పోయేసరికి వంపే లేదు. నా పుస్తకంలో నాలుగు పేజీల బొమ్మలు, ఫోన్‌లో పంతొమ్మిది ఫొటోలు మిగిలాయి. వేరుగొట్టాల సున్నం పొర దగ్గర ఒక ఫొటో మసగ్గా వచ్చింది, ఈసారి తీద్దాంలే అనుకున్నాను. దానికి నాకు ఇప్పటికీ బాధే. మీరు చూసిన గట్టును చూసినరోజే పూర్తిగా ఫొటోలు తీయండి. ఎడమ నుంచి కుడికి, ఒకదానిలో సగం ఇంకోదానిలోకి వచ్చేట్టు, బిళ్ల ప్రతిదాంట్లో కనబడేట్టు. ప్రతి డిసెంబరు వరద తర్వాత జనవరిలో అదే చోటికి పోయి మళ్లీ తీయండి. వరద కొంత కోసుకుపోయి వెనకనున్న కొత్త ముఖం చూపిస్తుంది.

మట్టి కవరు మీద ఊరు, ఎవరి చేను, ఎన్ని అడుగులు, తేదీ రాయండి. నా 1997 కవర్ల మీద అడుగులు మాత్రమే ఉన్నాయి, మిగతాది నా జ్ఞాపకం మీద ఆధారపడి ఉంది. మార్కర్ రాత ఐదారేళ్లకు చెరిగిపోతుంది. కాబట్టి అవే వివరాలు పెన్సిల్‌తో ఒక చీటీ మీద రాసి, ఆ చీటీని చిన్న కవర్లో చుట్టి, మట్టి లోపల పెట్టి మూతి కట్టండి.